చీటీ రాసిందెవరు

మూడో అంతస్తులో అంబులెన్సు కంట్రోల్ రూమ్ పక్కన, విరిగిన కుర్చీలు పడేసే గది ఒకటి ఉండేది. ఒక సోమవారం ఉదయం దాన్ని ఖాళీ చేసి, గోడలకు రంగు వేసి, రెండు మెత్తటి కుర్చీలూ ఒక చిన్న బల్లా తెచ్చి పెట్టారు. తలుపుకున్న అద్దానికి లోపలి నుంచి కాగితం అంటించారు. బుధవారానికల్లా ఒకావిడ వచ్చి అందులో కూర్చుంది.

కిటికీ అక్కకు ఆ అంటించిన కాగితమే నచ్చలేదు.

"ఏం దాచడానికట?" అంది క్యాంటీన్‌లో టీ గ్లాసు బల్ల మీద పెడుతూ.

ఆమెకు నలభై రెండేళ్లు. పదకొండేళ్లుగా అదే హాల్లో, అదే కిటికీ పక్క సీట్లో పగటి డ్యూటీ. అందుకే ఆ పేరు. పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా ఆరుగురు హెడ్‌సెట్లు తగిలించుకుని కూర్చుంటారు. ఫోన్ మోగితే ముందు అడ్రసు అడగాలి, తరవాత ఏం జరిగిందో అడగాలి, బండిని పంపాలి. బండి చేరేదాకా అవతలి మనిషిని మాటల్లో పట్టి ఉంచాలి. బండి చేరగానే లైన్ తెగిపోతుంది. ఆ మనిషి బతికాడా లేదా అన్నది ఎవరూ చెప్పరు. పది సెకన్లలో ఇంకో ఫోన్ మోగుతుంది కాబట్టి అడిగే తీరికా ఉండదు.

కొత్త గది గురించి పెద్దసారు అందర్నీ నిలబెట్టి చెప్పాడు. పని ఒత్తిడి గురించి ఎవరైనా వెళ్లి మాట్లాడుకోవచ్చట. ఒక్క మాట కూడా బయటికి పోదట. పక్కవాళ్లు ఇబ్బందిలో ఉన్నారనిపిస్తే, తలుపు దగ్గర పెట్టిన పెట్టెలో చీటీ వేయవచ్చట. రాసినవాళ్ల పేరు అక్కర్లేదట.

"బాత్రూముకి వెళ్తే ఏడు నిమిషాలెందుకు పట్టిందని నాకు సంజాయిషీ కాగితం ఇచ్చిన మనిషి ఈయన. ఇప్పుడు ఉన్నట్టుండి మన మనసుల మీద ప్రేమ పుట్టుకొచ్చిందా?" అంది కిటికీ అక్క. "రెండేళ్ల కిందట కూడా ఇంతే. మన మంచికే అని ఆరోగ్య పరీక్షలు చేయించారు. ఆ కాగితాలు చూసే కదా ఇద్దర్ని ఇంటికి పంపించారు? ఆ గదిలో అడుగు పెట్టిన మనిషి పేరు సాయంత్రానికి పైకి వెళ్లిపోతుంది. కావాలంటే రాసి పెట్టుకోండి."

ఆవిడ మాట అంటే అందరికీ గురి. పక్క సీట్లో కూర్చునే చిట్టి తల ఊపింది. చిట్టి చేరి మూడేళ్లయింది, పని నేర్పింది కిటికీ అక్కే. బల్ల చివర కూర్చున్న మాస్టారు మాత్రం ఏమీ అనలేదు. ఆయన అలాగే ఉంటాడు. ఈ ఉద్యోగానికి ముందు పిల్లలకు ట్యూషన్లు చెప్పేవాడు కాబట్టి ఆ పేరు మిగిలింది. ఫోన్లో తప్ప ఆయన గొంతు వినడం అరుదు.

రెండు వారాలు ఎవరూ ఆ గడప తొక్కలేదు. లోపలి ఆవిడ తలుపు తీసి పెట్టుకునే కూర్చునేది. ఎవరైనా అటు వెళ్తే నవ్వేది. వాళ్లు చెప్పుల వంక చూసుకుంటూ దాటిపోయేవారు. మాట్లాడేవాళ్లే లేకపోయినా, చిట్టి ఆవిడకు మాటల మేడం అని పేరు పెట్టింది.

మూడో వారం డ్యూటీ దిగి బ్యాగు సర్దుకుంటుంటే మాటల మేడమే కిటికీ అక్క దగ్గరికి వచ్చింది.

"ఒక్క ఐదు నిమిషాలు వస్తారా?"

"రానంటే బాగోదు కదా," అని లేచింది కిటికీ అక్క. లోపల కూర్చోమన్నా కూర్చోలేదు. బ్యాగు గుండెలకు హత్తుకుని గోడలూ మూలలూ చూసింది. కెమెరా ఏదీ కనబడలేదు. కనబడకపోయేసరికి అనుమానం ఇంకాస్త పెరిగింది.

మాటల మేడం సొరుగులోంచి ఒక చీటీ తీసి ఇచ్చింది. "మీ గురించి పెట్టెలో వేశారు. మీకు తెలియకుండా దీన్ని నా దగ్గర పెట్టుకోవడం నాకిష్టం లేదు. చదివి మీరే ఉంచుకోండి. చించేస్తానన్నా సరే."

పాఠ్యపుస్తకంలో అచ్చేసినట్టు గుండ్రటి అక్షరాలు. *కిటికీ పక్క సీటు. లైన్ కట్ అయ్యాక కూడా ఆవిడ మాట్లాడుతూనే ఉంటోంది. ఎవరైనా పట్టించుకోండి.*

కిటికీ అక్క ముఖం ఎర్రబడింది. "అబద్ధం."

"కావచ్చు."

"ఎవరు రాశారు?"

"తెలియదు. తెలిసినా చెప్పను."

"మరి ఇది పైకి వెళ్లిందా?"

"లేదు."

"నమ్మమంటారా?"

"ఇప్పుడే నమ్మమనడం లేదు," అంది మాటల మేడం.

ఆ జవాబు కిటికీ అక్కకు మరీ గడుసుగా తోచింది. చీటీని బ్యాగులో కుక్కుకుని బయటపడింది.

ఇంటికొచ్చాక వంటింట్లో గిన్నెలు తోముతూ అదే ఆలోచన. ఎవరికి అవసరం? సీనియర్ సీటు మీద ఎవరి కన్ను? అంతలో వెనక నుంచి అత్తగారి గొంతు వినబడింది.

"ఏమ్మా, ఎవరితో?"

"ఎవరితో ఏంటి అత్తయ్యా?"

అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. చూపు కోడలి చెవుల మీద ఉంది. చెవుల్లో ఏమీ లేకపోవడం చూసి ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. "నెల రోజులుగా చూస్తున్నా. నీళ్ల చప్పుడులో నాకు వినబడదనుకుంటున్నావ్. 'భయపడకండి, నేనున్నాను, తలుపు గడియ తీసి పెట్టండి' అంటున్నావ్. ఎవడమ్మా వాడు? వాడికి గడియ తీయమని నువ్వు చెప్పడమేంటి? అబ్బాయితో చెప్దామంటే ఇల్లు గుల్లవుతుందని నోరు నొక్కుకుని కూర్చున్నా."

ఇంకెప్పుడైనా అయితే కిటికీ అక్క పడీ పడీ నవ్వేది. ఇప్పుడు తోముతున్న గిన్నె పక్కన పెట్టేసింది. అవి ఫోన్లో ఆమె రోజూ చెప్పే మాటలే. కానీ ఇప్పుడు ఇక్కడ అన్నట్టు ఆమెకు గుర్తు లేదు.

"పని మాటలు అత్తయ్యా. నోటికి అలవాటైపోయాయి."

"అలవాటైతే ఏడుపు గొంతుతో అంటావా?" అంది అత్తగారు. ఆవిడ అనుమానం తగ్గలేదు గానీ దారి మళ్లింది. కోడలి చేతిలోంచి పీచు లాక్కుని, "వెళ్లి కాసేపు నడుం వాల్చు, నేను కడుగుతాలే," అంది.

నడుం వాల్చినా కన్ను మూతపడలేదు. చీటీలో ఉన్నది నిజమే. నిజమని తెలిశాక కోపం పోవాల్సింది పోయి భయం పట్టుకుంది. దొంగ మాటైతే దులిపేసుకోవచ్చు. ఇది రుజువు చేయగలిగిన మాట. పెద్దసారు ఒక్కరోజు వెనక నిలబడి వింటే చాలు, ఉద్యోగానికి పనికిరాదని రాసేస్తాడు. ఎవరో తన వెనక కూర్చుని అన్నీ చూస్తున్నారు. ఆ మనిషెవరో తేల్చాలి.

మర్నాడు చిట్టికి చీటీ చూపించింది.

చిట్టి చదివి వెంటనే తిరిగిచ్చేసింది. "పోనీలే అక్కా. ఎవరో మంచికే రాసుంటారు."

"మంచికి రాసేవాళ్లు మొహం మీద చెప్తారు. నువ్వు నా పక్కనే ఉంటావ్ కదా, నేనలా మాట్లాడటం నువ్వెప్పుడైనా విన్నావా?"

"నేను... నా కాల్స్‌లో నేనుంటాను కదా," అని నీళ్లు నమిలింది చిట్టి.

ఇద్దరూ కలిసి కూపీ లాగడం మొదలుపెట్టారు. కలిసి అంటే, కిటికీ అక్క లాగుతుంటే చిట్టి వెంట నడిచింది. హాజరు పుస్తకం తిరగేశారు. సెలవు చీటీల ఫైలు తెప్పించుకున్నారు. ఒకరి రాత కోడి కెలికినట్టు ఉంది, ఒకరిది వంకర. మాస్టారి సెలవు చీటీ దగ్గర కిటికీ అక్క వేలు ఆగిపోయింది. ప్రతి అక్షరానికీ తలకట్టు విడిగా, గొడుగు పట్టినట్టు ఉంది. చీటీలోనూ అంతే.

"ఇదిగో," అంది.

"గుండ్రంగా రాసేవాళ్లు వందమంది ఉంటారక్కా."

"ఉంటారు. కానీ ఆయన రోజూ ఆ గది ముందు నడక తగ్గిస్తాడు. నువ్వు చూడలేదేమో, నేను చూశాను. మొన్న తలుపు మీద చెయ్యి కూడా వేశాడు. నన్ను చూసి తీసేశాడు. ఉప్పందించేది ఈయనే."

"తొందరపడకక్కా. వదిలెయ్," అని చిట్టి చెయ్యి పట్టుకుంది. కిటికీ అక్క విదిలించుకుంది.

మధ్యాహ్నం టీ వేళ క్యాంటీన్‌లో నలుగురు చూస్తుండగా మాస్టారి ముందు ఆ చీటీ పెట్టింది. "చేతిరాత బాగుంది మాస్టారూ. మీ దగ్గర చదువుకున్న పిల్లలు అదృష్టవంతులు."

మాస్టారు చీటీ చదివాడు. మళ్లీ చదివాడు. "ఇది నేను రాయలేదమ్మా."

"మరి రోజూ ఆ తలుపు దగ్గర తచ్చాడేది ఎందుకు? ఎంతమంది గురించి చాడీలు మోశారు ఇప్పటిదాకా?"

 మాస్టారి మోచెయ్యి తగిలి గ్లాసులోని టీ బల్ల మీద ఒలికింది. ఆయన జేబురుమాలు తీసి దాన్ని మెల్లగా, పూర్తిగా తుడిచాడు.

"నేను రాయాలనుకుంటే నా గురించే రాసుకునేవాణ్ణి," అని లేచి వెళ్లిపోయాడు.

"చూశావా, ఎలా తప్పించుకున్నాడో," అంది కిటికీ అక్క. కానీ ఆ మాట అన్నాక, మిగిలిన టీ తాగకుండానే గ్లాసు పక్కకు నెట్టింది.

మరుసటి రోజు మాస్టారి సీటు ఖాళీగా ఉంది. పదకొండేళ్లలో ఆయన చెప్పకుండా మానేసింది లేదు. ఎనిమిదింటికి ఇన్‌చార్జి ఆయన ఇంటికి ఫోన్ చేశాడు. ఎప్పటిలాగే ఆరింటికే డ్యూటీకి బయల్దేరారని భార్య చెప్పింది. ఆ మాట హాల్లో అందరికీ వినబడింది. 

కిటికీ అక్క కాల్స్ తీసుకుంటూనే ఉంది. మధ్యలో ఒకసారి కిటికీలోంచి కిందికి చూసింది. రోడ్డుకు అవతల బస్టాపులో బెంచీ మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. బస్సు వచ్చింది, జనం ఎక్కారు, బస్సు వెళ్లింది. ఆ మనిషి అలాగే ఉన్నాడు. ఇంకో బస్సు వచ్చి వెళ్లింది. ఒళ్లో పెట్టుకున్న ఆకుపచ్చ బ్యాగు మాస్టారిదని ఆమె గుర్తుపట్టింది.

హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది. "నా లైన్ నువ్వు చూసుకో," అని చిట్టితో చెప్పి, ఇన్‌చార్జి పిలుస్తున్నా వినకుండా మెట్లు దిగింది. అలా సీటు వదలడం అదే మొదటిసారి.

ఆమె వెళ్లి పక్కన కూర్చున్నా మాస్టారు తల తిప్పలేదు.

"ఎప్పటినుంచి ఉన్నారు మాస్టారూ?"

"ఆరున్నర. మెట్ల దాకా వచ్చానమ్మా. కాళ్లు పైకి రాలేదు. ఇంటికెళ్తే ఏమైందని మా ఆవిడ అడుగుతుంది. ఎటెళ్లాలో తెలియలేదు."

"నిన్న నేనన్న మాటలకా?"

"నీ మాటలకి కాదు. నాలుగు నెలలైంది ఇలా ఉండబట్టి." ఆయన బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటూ చెప్పాడు. "ఒకాయన ఫోన్ చేశాడు. భార్య పడిపోయిందని. బడి వీధి అన్నాడు. నగరంలో బడి వీధులు రెండున్నాయి. ఏ బడి అని నేను అడగలేదు. బండి అవతలి చివరికి వెళ్లింది. మళ్లీ ఇటు వచ్చేసరికి ఇరవై నిమిషాలు. అంతసేపూ ఆయన లైన్లోనే ఉన్నాడు. తిట్టలేదమ్మా. తిట్టినా బాగుండేది. 'వస్తున్నారా బాబూ, వస్తున్నారా' అంటూనే ఉన్నాడు."

"తరవాత ఏమైంది?"

"మనకెవరు చెప్తారు?"

 కిటికీ అక్క ఆయన వైపు తిరిగి, "ఆ గదిలోకి వెళ్లాల్సింది మాస్టారూ," అంది.

ఆయన మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "వెళ్దామనే తలుపు దాకా వెళ్లేవాణ్ణి. వెళ్తే పేరు పైకి పోతుందని నువ్వే కదమ్మా చెప్పావు. ఇంకా ఆరేళ్ల సర్వీసుంది నాకు."

కిటికీ అక్కకు తల తీసేసినట్టయింది. ఆయన తలుపు దగ్గర ఆగిన ప్రతిసారీ ఆమె చూసింది. చూసిన ప్రతిసారీ వేరే అర్థం చెప్పుకుంది.

"లేవండి. నేను కూడా వస్తాను. ఇద్దరి పేర్లూ వెళ్తే వెళ్లనీ," అంది.

ఆయనకు లేవడానికి ఇంకో మూడు బస్సులు పట్టింది.

మాటల మేడం వాళ్లను చూసి ఏమీ అడగకుండా కుర్చీలు జరిపింది. కూర్చునే ముందు కిటికీ అక్క అడిగేసింది. "ఒక్కటి చెప్పండి. పెద్దసారు మిమ్మల్ని పేర్లు అడిగాడా లేదా?"

లేదనే అంటుందనుకుంది.

"అడిగారు," అంది మాటల మేడం. "రెండుసార్లు. ఇవ్వనని చెప్పాను. ఇస్తే నా పని చేసే అర్హత నాకు ఉండదు." నోటు పుస్తకం తెరిచి చూపించింది. తేదీలున్నాయి. ప్రతి తేదీ ఎదురుగా ఒక అంకె ఉంది. మూడు వారాలుగా అన్నీ సున్నాలే. చీటీ ఇచ్చిన రోజు మాత్రం ఒకటి. "పైకి వెళ్లేది ఇదొక్కటే."

తన అనుమానం ఉత్తిది కాదని తేలింది. అయినా కిటికీ అక్కకు సంతోషం కలగలేదు. మాస్టారిని అక్కడ వదిలి, తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చింది.

పెద్దసారి దగ్గర నుంచి పిలుపు అప్పటికే వచ్చి ఉంది.

"నలభై రెండు నిమిషాలు సీటు ఖాళీ," అన్నాడాయన. "మీలాంటి సీనియరే ఇలా చేస్తే ఎలా? ఆ టైములో తొమ్మిది కాల్స్ వేరేవాళ్లు తీసుకున్నారు."

"తప్పే సార్. మాస్టారు రోడ్డు మీద మూడు గంటలుగా కూర్చుని ఉన్నాడు. నేను వెళ్లకపోతే ఇంకెక్కడికి వెళ్లేవాడో నాకు తెలియదు."

పెద్దసారు కళ్లజోడు తీశాడు. ఆయన ముఖంలో కోపం స్థానంలో కంగారు కనబడింది. "ఆయన పరిస్థితి అంత దాకా వచ్చిందా? అందుకేనమ్మా నేను పేర్లు అడిగింది. తెలిస్తే ముందే ఏదైనా చేసేవాణ్ణి కదా."

"ఏం చేసేవారు సార్? రెండేళ్ల కిందట ఆ ఇద్దరికి చేసినట్టేనా?"

ఆయన కళ్లజోడు తుడుచుకోసాగాడు.

"మీరు పేర్లు అడుగుతారన్న భయంతోనే ఆయన ఆ గడప దాటలేదు. ఆ భయాన్ని అందరికీ ఎక్కించింది నేను. ఇందులో మీకెంత భాగముందో నాకూ అంతే ఉంది. నా మీద ఏం రాస్తారో రాసుకోండి. కానీ పేర్లు అడగనని ఒక కాగితం మీద రాసివ్వండి. మనసు తట్టుకోలేని కాల్ వచ్చినప్పుడు పది నిమిషాలు లేచి వెళ్లనివ్వండి. ఆసుపత్రికి వెళ్లినవాళ్లకి ఏమైందో, మాలో అడిగినవాళ్లకి చెప్పించండి."

"పది నిమిషాలంటే మాటలా? ఫోన్లెవరు తీస్తారు?"

"ఈ రోజు నావి ఎవరు తీశారు సార్?"

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఆమెకు సంజాయిషీ కాగితం కూడా వచ్చింది. ఆమె ఒక్క వాక్యంలో జవాబు రాసిచ్చింది. అదే వారంలో మిగతా నలుగురూ ఆ మూడు కోరికలనే కాగితం మీద పెట్టి సంతకాలు చేశారు. పన్నెండో రోజున నోటీసు బోర్డు మీదికి పెద్దసారి సంతకంతో ఒక కాగితం వచ్చింది. పది నిమిషాలు కాదు, ఎనిమిది. పేర్లు అడగబోమని మాత్రం స్పష్టంగా ఉంది. కిటికీ అక్క దాన్ని మూడుసార్లు చదివి, ఎందుకైనా మంచిదని ఫోన్లో ఫొటో తీసుకుంది.

మాస్టారిని రెండు నెలలు ఫోన్ల నుంచి తప్పించి మ్యాపుల బల్ల దగ్గర వేశారు. ఆయన ఒకే పేరున్న వీధులన్నిటినీ జాబితా కట్టాడు. డెబ్బై ఒక్కటి తేలాయి. ఇప్పుడు ఎవరైనా బడి వీధి అని టైపు చేస్తే, తెర మీద ఏ బడి అని ప్రశ్న వస్తుంది. మూడో వారంలో ఆయన ధైర్యం చేసి ఆ ఇంటి సంగతి అడిగించాడు. ఫోన్ చేసినాయన భార్య ఆసుపత్రిలో రెండో రోజు చనిపోయింది. ఇరవై నిమిషాల ముందు చేరి ఉంటే బతికేదో లేదో చెప్పలేమన్నారు. ఆ మధ్యాహ్నం మాస్టారు మాటల మేడం గదిలో చాలాసేపు ఉన్నాడు. బయటికి వచ్చాక, "తెలియకపోవడం కంటే ఇదే నయమమ్మా," అన్నాడు. ఆయన కళ్లు వాచి ఉన్నాయి. ఆ రోజు ఇంటికి వెళ్లి పద్నాలుగు గంటలు నిద్రపోయాడని భార్య తరవాత చెప్పింది.

చీటీ సంగతి కూడా తేలింది. నోటీసు వచ్చిన రోజు మెట్ల దగ్గర చిట్టి ఆపింది.

"అక్కా, అది నేనే రాశాను."

కిటికీ అక్క అర్థం కానట్టు చూసింది. "నీ రాత కాదే అది."

"మెల్లగా రాస్తే నా రాత కూడా బాగుంటుందక్కా." నవ్వబోయి ఏడ్చేసింది చిట్టి. "నీతో ఎలా చెప్పాలో తెలియలేదు. నువ్వేమో ఆ గది పేరెత్తితేనే మండిపడుతున్నావ్. మాస్టారి మీద పడ్డప్పుడైనా చెప్పాల్సింది. భయపడ్డాను."

"నా పక్కనే నడుస్తూ ఫైళ్లు తిరగేశావ్ కదే నువ్వు!"

"ఊ."

కిటికీ అక్క మెట్లు దిగి వెళ్లిపోయింది. చిట్టితో ఆరు రోజులు మాట్లాడలేదు. ఆ ఆరు రోజుల్లో రెండుసార్లు మాటల మేడం దగ్గర కూర్చుంది. మొదటిసారి తలుపు వేయవద్దంది. రెండోసారి తనే వేసింది.

ఏడో రోజు పదకొండు గంటలప్పుడు పక్క సీట్లో చిట్టి గొంతు మారడం ఆమెకు వినబడింది. అవతల ఎవరో తల్లి. చిట్టి అడ్రసు అడిగింది, బండి పంపింది, చెప్పాల్సినవన్నీ చెప్పింది. ఎక్కడా తడబడలేదు. లైన్ తెగాక మాత్రం చేతులు బల్ల మీద ఆన్చి అలాగే ఉండిపోయింది. మళ్లీ ఫోన్ మోగింది.

కిటికీ అక్క చెయ్యి చాచి ఆ లైన్‌ను మాస్టారి పాత సీట్లోని కొత్త మనిషికి మళ్లించింది. చిట్టి తల మీది హెడ్‌సెట్ తనే తీసింది.

"లే. ఎనిమిది నిమిషాలున్నాయి."

"నువ్వు కూడా వస్తావా అక్కా?"

"రాకపోతే నువ్వు ఒక్కదానివే లేస్తావా ఏంటి?"

ఇద్దరూ వెళ్లి మెట్ల మీద పక్కపక్కన కూర్చున్నారు.  అయిదో నిమిషంలో చిట్టి ఆమె భుజం మీద తల ఆనించింది.